తాగి గుద్దిన కేసులో బార్ వాళ్లని ఎంతవరకు లాగొచ్చు?

మెహదీపట్నం_రవి

డిసెంబర్ వచ్చిందంటే పోలీసుల ప్రకటన వస్తుంది: తాగిన కస్టమర్‌ని బండి నడపనిస్తే బార్, పబ్ యాజమాన్యం మీద కూడా కేసు పెడతాం అని. జనవరి రెండో వారానికి ఆ ఊసే ఉండదు. అసలా కేసు ఏ సెక్షన్ కింద నిలబడుతుంది? పెగ్గు కొలిచి పోసినవాడా, టేబుల్ మీద పెట్టినవాడా, లైసెన్సు ఉన్న ఓనరా, ముద్దాయి ఎవరు? పుణెలో 2024 మే 19న పోర్షే కారు గుద్ది ఇద్దరు చనిపోయినప్పుడు బార్ ఓనర్లని, మేనేజర్లని అరెస్టు చేశారు, ఇక్కడ ఎందుకు చెయ్యరు అని అడిగేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. పని తెలిసినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు కాస్త విడమరిచి రాయండి. "తాగినోడిదే తప్పు, అంతే" అనేవాళ్లు దయచేసి వేరే చర్చ చూసుకోండి.

బెజవాడ_వకీల్

రవి గారూ, ముందు పుణె కేసుని పక్కన పెట్టాలి, ఎందుకంటే అక్కడ బార్ వాళ్లు దొరికింది వేరే దారిలో. నడిపినవాడికి 17 ఏళ్లు. మైనర్‌కి మద్యం ఇవ్వడం జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77 కింద నేరుగా నేరం, 7 ఏళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. ఆ తర్వాత ప్రమాదం జరిగినా జరగకపోయినా గ్లాసు చేతికిచ్చిన క్షణమే నేరం పూర్తయింది. పోలీసులు చూపించింది కూడా తొంభై నిమిషాల్లో 48 వేల బిల్లు, సీసీటీవీ. ఆ పిల్లాడు ఎంత మత్తులో ఉన్నాడో బార్ వాళ్లకి తెలుసా అన్న ప్రశ్నే అక్కడ అక్కర్లేదు.

21 దాటిన మనిషి విషయానికొస్తే దారులు ఇరుకు. మోటారు వాహనాల చట్టం 185 తాగి నడిపినవాడికి: 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే మొదటిసారి 10 వేలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15 వేలు, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఎవరూ పెద్దగా చదవనిది 188. 184, 185, 186 నేరాలకి ఎవరు ప్రోత్సహించినా, సాయం చేసినా అసలు నేరస్తుడికి పడే శిక్షే వాళ్లకీ పడుతుంది. పక్క సీట్లో కూర్చున్న స్నేహితుల మీద పెట్టే కేసులూ దీని కిందవే. డిసెంబర్ ప్రకటనలకి ఆధారం కూడా ఇదే అనుకోండి.

కానీ సాయం అంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 45 (పాత ఐపీసీ 107) ప్రకారం ఉద్దేశపూర్వకంగా చేసిన సాయం. లైసెన్సున్న చోట, పెద్దమనిషికి, అడిగిన మందు అమ్మడం ఆ లెక్కలోకి రాదు. వాడు బండి మీద వచ్చాడని, బండి మీదే పోతాడని, నిలబడలేకపోతున్నాడని తెలిసీ చేసిన పని ఏదో ఒకటి చూపించాలి. మందు పోయడం దగ్గర ఆ పని దొరకదు. బండి తాళం ఇవ్వడం దగ్గర దొరుకుతుంది.

కౌంటర్_మనిషి

వకీల్ గారు తాళం దగ్గరికి వచ్చారు కాబట్టి సగం పని అయిపోయింది. మిగతా సగం చెప్తా.

"బార్‌టెండర్ బాధ్యత" అనగానే అందరూ కౌంటర్ ముందు స్టూలు మీద కూర్చున్న మనిషినీ, ఎదురుగా నిలబడి వాణ్ణి చూస్తూ పోసేవాణ్ణీ ఊహించుకుంటారు. హైదరాబాద్‌లో 2బి లైసెన్సు బార్లలో నూటికి తొంభై చోట్ల అలా ఉండదన్నా. టేబుల్ దగ్గర ఆర్డర్ తీసుకునేది కెప్టెన్ లేదా స్టీవార్డ్. సిస్టంలో కొడతాడు, కౌంటర్ దగ్గర ప్రింటర్ నుంచి బీఓటీ (బార్ ఆర్డర్ చీటీ) వస్తుంది: "టేబుల్ 14, విస్కీ లార్జ్ 4, సోడా 2". లోపలివాడు ఆ చీటీ చూసి 60 మి.లీ. మెజర్‌తో కొలిచి ట్రేలో పెడతాడు. టేబుల్ 14లో ఎవరున్నారో, ఎన్నో రౌండో వాడికి కనపడదు. శనివారం రాత్రి గంటకి వందకి పైగా చీటీలు. వాణ్ణి తీసుకెళ్లి ముద్దాయిగా నిలబెడితే కోర్టులో ఏం చెప్తాడు?

మనిషిని కళ్లారా చూసేవాళ్లు ముగ్గురు: స్టీవార్డ్, కెప్టెన్, గేటు దగ్గర వాలే కుర్రాడు (కస్టమర్ బండి పార్క్ చేసి, తిరిగి తెచ్చిచ్చేవాడు). స్టీవార్డ్‌కి టిప్పు ఆ టేబుల్ నుంచే రావాలి. "సార్, ఇక చాలు" అన్నాడంటే టిప్పు పోతుంది, ఒక్కోసారి చెంప కూడా పగులుతుంది. కెప్టెన్‌కి సేల్స్ టార్గెట్. వాలే కుర్రాడైతే బార్ ఉద్యోగి కూడా కాదు, కాంట్రాక్టర్ మనిషి.

బిల్లు సంగతి ఇంకో గొడవ. ఆరుగురు కూర్చుంటే బిల్లు ఒకటే. లార్జ్ 12, స్ట్రాంగ్ బీరు 4. నడిపినవాడు అందులో ఎన్ని తాగాడు? సీసీటీవీ ఫుటేజ్ ఉంటే గ్లాసులు లెక్కపెట్టొచ్చు, కానీ చాలా డీవీఆర్‌లలో (ఫుటేజ్ రికార్డయ్యే పెట్టెల్లో) పదిహేను రోజుల నుంచి నెల లోపు పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. పోలీసు నోటీసు వచ్చేసరికి ఏమీ మిగలదు.

ల్యాబ్_కోటు

లెక్క అడగలేదు గానీ లెక్క లేకుండా ఈ చర్చ ముందుకెళ్లదు.

మన విస్కీ, బ్రాందీ 42.8 శాతం. 60 మి.లీ. లార్జ్‌లో 25.7 మి.లీ. ఆల్కహాల్, సాంద్రత 0.789తో గుణిస్తే 20 గ్రాముల పైన. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములు, అంటే రెండు లార్జ్‌లు. "బీరే కదా" అనేవాళ్లు ఇది రాసిపెట్టుకోవాలి.

70 కిలోల మగవాడికి ఖాళీ కడుపు మీద ఒక లార్జ్‌కి రక్తంలో 42 మి.గ్రా. దాకా చేరుతుంది (తాగినదాన్నీ ఒంటి బరువునీ బట్టి కట్టే విడ్‌మార్క్ లెక్క, మగవాడికి శరీర గుణకం 0.68). 55 కిలోల ఆడమనిషికి అదే లార్జ్‌కి 67. అంటే ఒక్క లార్జ్‌తోనే 30 దాటిపోయే వీలుంది. తిండి తిని తాగితే పై మట్టం కాస్త తగ్గుతుంది. దిగడం మాత్రం ఎవరికైనా నెమ్మదే, గంటకి 15 మి.గ్రా. చుట్టుపక్కల. రెండు గంటల్లో నాలుగు లార్జ్‌లు వేసిన 70 కిలోల మనిషి లేచేటప్పటికి 140 దగ్గర ఉంటాడు, 30కి దిగడానికి ఇంకో ఏడు గంటలు పైనే. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం దీన్ని ఒక్క మి.గ్రా. కూడా మార్చవు.

ఇక "చూస్తే తెలుస్తుంది" అన్న మాట. రెండు వైపులా తప్పుతుంది. రోజూ తాగేవాడు 150లో కూడా నిటారుగా నడిచి, బిల్లు సరిచూసి, చిల్లర అడుగుతాడు. వాడి నాలుకకి అలవాటైంది గానీ బ్రేకు మీద కాలు స్పందించే వేగానికి అలవాటు కాలేదు. రెండోది, చివరి పది నిమిషాల్లో మూడు షాట్లు దించినవాడు గేటు దాటేటప్పుడు మామూలుగా ఉంటాడు. మత్తు పూర్తిగా ఎక్కడానికి అరగంట నుంచి గంటన్నర. అంటే వాడికి తలకెక్కేది ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద.

మెహదీపట్నం_రవి

అంటే గేటు దగ్గర బ్రీత్ ఎనలైజర్ పెట్టి ఊదిస్తే సరిపోదా?

ల్యాబ్_కోటు

పెట్టొచ్చు, చిక్కులు తెలిసి పెట్టాలి. ఆఖరి గుక్క తాగిన పావుగంట దాకా నోట్లో మిగిలిన మందునే మిషను చదువుతుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. మౌత్‌వాష్‌కీ అదే జరుగుతుంది. చౌకగా దొరికేవి సెమీకండక్టర్ సెన్సర్‌వి, కొన్ని నెలలకే దారి తప్పుతాయి. పోలీసులు వాడేది ఫ్యూయెల్ సెల్ రకం, దానికీ క్రమం తప్పకుండా క్యాలిబ్రేషన్ కావాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇది: షాట్లు దించిన మనిషి నోరు పుక్కిలించి ఊదితే ఇప్పుడు 25 వచ్చింది, "వెళ్లండి సార్" అన్నారు, నలభై నిమిషాలకి వాడు 60లో ఉన్నాడు. సర్టిఫికెట్ ఇచ్చి పంపింది మీరే.

బెజవాడ_వకీల్

దానికి ఇంకోటి కలుపుతాను. అంకె 30 పైన వచ్చి, మీరు రాసుకుని, అయినా తాళం ఇచ్చారనుకోండి. 188కి కావలసిన "తెలుసు" అన్న ముక్క మీ చేత్తోనే రాసిచ్చినట్టు. అందుకే నా దగ్గరికి వచ్చే ఓనర్లకి ఒకటే మాట: ఊదించాక 30 దాటితే ఏం చేస్తారో ముందు తేల్చుకోండి, తేల్చుకోకపోతే మిషను కొనొద్దు.

డాలస్_తమ్ముడు

అమెరికాలో బార్ మీద దావా వెయ్యొచ్చంట కదా అని ఇక్కడికొచ్చిన ప్రతి బంధువూ అడుగుతాడు. దేశమంతటికీ ఒకే చట్టం లేదు. రాష్ట్రం మారితే మొత్తం మారిపోతుంది.

టెక్సస్: ఆల్కహాలిక్ బెవరేజ్ కోడ్ 2.02. పోసేటప్పటికే కస్టమర్ తనకీ ఇతరులకీ ప్రమాదం అన్నంత స్పష్టంగా మత్తులో ఉన్నాడని, ఆ మత్తు వల్లే నష్టం జరిగిందని బాధితుడు రుజువు చెయ్యాలి. బార్‌కి ఒక రక్షణ గోడ ఉంది, 106.14: ఓనర్ ఉద్యోగులందరికీ సెల్లర్ ట్రైనింగ్ తప్పనిసరి చేశాడు, పోసినవాడు నిజంగా ఆ శిక్షణ పొందాడు, ఓనర్ చాటుగానైనా "పోసెయ్, ఏం కాదు" అనలేదు. మూడూ ఉంటే ఓనర్ బయటపడతాడు. ఆ సర్టిఫికెట్‌కి రెండేళ్లే ఆయుష్షు. పోసినవాడికి సొంతంగా పడేది 101.63: మత్తులో ఉన్నవాడికి అమ్మితే 100 నుంచి 500 డాలర్లు, లేదా ఏడాది దాకా జైలు.

కాలిఫోర్నియా దాదాపు తలకిందులు. పెద్దవాడికి పోసినందుకు బార్ మీద పరిహారం దావా నడవదు, స్పష్టంగా మత్తులో ఉన్న మైనర్‌కి పోస్తేనే. అలాగని వదిలెయ్యలేదు, 2022 నుంచి పోసేవాళ్లకి శిక్షణ తప్పనిసరి చేశారు. ఇలినాయిలో బాధితుడు "కనిపించేంత మత్తు" రుజువు చెయ్యక్కర్లేదు, కానీ పరిహారానికి చట్టమే పరిమితి పెట్టింది. వర్జీనియా, నెవాడాల్లో పెద్దవాళ్ల విషయంలో ఇలాంటి దావాకి చోటే లేదు.

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఇళ్లలో పార్టీలిచ్చే మనవాళ్లకి ఒక్కటి. అక్కడి సుప్రీంకోర్టు 1984లో కెల్లీ వర్సెస్ గ్విన్నెల్ కేసులో బార్ కాదు, ఇంట్లో అతిథికి స్కాచ్ పోసిన మనిషినే బాధ్యుణ్ణి చేసింది. అతిథి రక్తంలో 0.286 శాతం ఉంది, మన లెక్కలో 286 మి.గ్రా. ఇంటాయన అతన్ని కారుదాకా వెళ్లి సాగనంపాడు కూడా.

కౌంటర్_మనిషి

తమ్ముడూ, ఆ టెక్సస్ గోడ మాకు కావాలి. ట్రైనింగ్ ఇచ్చాం, రాసిపెట్టాం, వాడు కట్టుబడ్డాడు అంటే కనీసం చెప్పుకోవడానికి ఏదో ఉంటుంది. ఇప్పుడు ఇక్కడ మంచి బార్‌కీ, "ఇంకో రౌండ్ లాగించు" అనే బార్‌కీ కేసు పడితే ఒకటే ట్రీట్‌మెంట్.

బెజవాడ_వకీల్

గోడ సంగతి ఒప్పుకుంటాను. దావా సంగతి దిగుమతి చేసుకోవడం దగ్గర మాత్రం ఆగాలి.

టెక్సస్‌లో కారు ఇన్సూరెన్సు కనీసం ఎంతుంటే చాలు? ఒక మనిషి గాయానికి 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60 వేలు. వెన్నెముక విరిగినవాడికి అది ఆసుపత్రి గేటు దాకా కూడా రాదు. అందుకే బాధితుడి లాయరు బార్ కోసం వెతుకుతాడు. మన దగ్గర థర్డ్ పార్టీ మరణానికి, గాయానికి పాలసీలో పరిమితే లేదు. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్లో వయసు, జీతం, మల్టిప్లయర్ (వయసుని బట్టి జీతాన్ని ఎన్నిరెట్లు చెయ్యాలో చెప్పే అంకె) పెట్టి లెక్క కడతారు. తాగి నడపడాన్ని 2019 సవరణ తర్వాత సెక్షన్ 150లో ఇన్సూరెన్సు కంపెనీకి వాదనగా చేర్చారు నిజమే, అయినా ముందు బాధితుడికి కట్టి తర్వాత బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోమనే ఆదేశాలు తరచుగా వస్తున్నాయి. కాబట్టి చనిపోయినవాడి కుటుంబానికి డబ్బు రావడానికి బార్ అక్కర్లేదు. బార్‌ని లాగాల్సింది తర్వాతి ప్రమాదం ఆపడానికి. ఆ పనికి పరిహారం దావా కన్నా లైసెన్సు మీద దెబ్బే పదునైన ఆయుధం.

పాత_ఎక్సైజ్

లైసెన్సు మీద దెబ్బ అని సులువుగా అనేశారు. ఆవరణలో మత్తులో గొడవ జరగనివ్వడం, 21 లోపు వాళ్లకి అమ్మడం లాంటివి లైసెన్సుదారు తప్పే, ఉద్యోగి చేసినా సరే. ఆచరణలో కాంపౌండింగ్ ఫీజు (కేసు నడపకుండా రాజీకి కట్టే సొమ్ము) కట్టి ఫైలు మూసేసుకుంటారు. బార్‌కి నిజంగా నొప్పి పుట్టేది రెండు శుక్రవారాలు, రెండు శనివారాలు షట్టర్ దించితే. ఏడాది లైసెన్సు ఫీజు లక్షల్లో కట్టినవాడు ఆ నాలుగు రాత్రులు మర్చిపోడు.

అయితే ఒక్కటి చెప్పాలి. మీరంతా బార్, పబ్ అంటున్నారు. ఊళ్లో మందు ఎక్కువగా పోయేది ఏ4 షాపుల్లో (సీసాలమ్మే వైన్ షాపుల్లో), పక్కనే ఉన్న పర్మిట్ రూమ్‌లో. క్వార్టర్ సీసా 180 మి.లీ. కౌంటర్‌లో కొంటాడు, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, బఠాణీలు పక్కన కొంటాడు, నిలబడే ఇరవై నిమిషాల్లో దించి బైకెక్కుతాడు. 180 మి.లీ. అంటే మూడు లార్జ్‌లు. అక్కడ పోసేవాడే లేడు, వాడే పోసుకుంటాడు. ఎవరిది బాధ్యత? బెల్టు షాపుల సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ లైసెన్సే లేదు లాక్కోడానికి. ఇక హోల్‌సేల్ మొత్తం నడిపేది సర్కారు బెవరేజెస్ కార్పొరేషనే. గొలుసులో మొదటి చెయ్యి ఎవరిదో మీరే ఆలోచించుకోండి.

హైవేల పక్కన 500 మీటర్ల లోపు అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో చెప్పింది. 2017లో జనాభా 20 వేల లోపు ఊళ్లకి 220 మీటర్లు చేసింది, మున్సిపల్ హద్దుల్లోపల వర్తించదనీ చెప్పింది. ఎవడు ఎవడికి పోశాడో తేల్చడం కన్నా షాపు ఎక్కడుందో టేపుతో కొలవడం తేలిక. నా మటుకు ఆ దారే పని చేసే దారి.

వాలే_సూపర్‌వైజర్

అందరూ తాళం తాళం అంటున్నారు కాబట్టి మా వైపు కూడా వినండి. కస్టమర్ టోకెన్ ఇస్తాడు, కుర్రాడు పెగ్‌బోర్డు మీంచి తాళం తీసి బండి తెస్తాడు. డ్రైవర్ సీట్లోంచి దిగి, ఇంజను ఆన్‌లోనే ఉంచి, డోర్ పట్టుకుని నిలబడతాడు. తాగినవాడికి ఇంతకన్నా సులువైన దారి ఇంకోటి లేదు. ఇక్కడే మార్చాలి. బండి తేవొద్దు. టోకెన్ తీసుకుని "నడిపేది ఎవరు సార్?" అని అడిగి, ఆ మనిషి ముందుకొచ్చాకే తాళం తీయాలి. టోకెన్ ఇచ్చినవాడు తూలుతుంటే కుర్రాడు వాదించొద్దు, "రెండు నిమిషాలు సార్, బండి అడ్డంగా ఉంది" అని మేనేజర్‌కి ఫోన్ కొట్టాలి.

కానీ తాళం ఇవ్వం అంటే చట్టం ఒప్పుకుంటుందా? ఆ భయంతోనే ఇచ్చేస్తున్నారు.

బెజవాడ_వకీల్

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. వాలే అంటే కాంట్రాక్టు చట్టంలో బెయిల్‌మెంట్, అంటే తిరిగిచ్చే షరతు మీద వస్తువు అప్పగించడం. 2019లో తాజ్‌మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు వాలేకి ఇచ్చిన కారు పోతే హోటల్‌దే బాధ్యత అంది. అడిగినప్పుడు తిరిగివ్వడం కూడా ఆ ఒప్పందంలో భాగమే. అలాగే మనిషిని గేటు దగ్గర పట్టుకుని ఆపితే బీఎన్‌ఎస్ 126, అక్రమ నిరోధం. కాబట్టి రెండు హద్దులు: మనిషిని ముట్టుకోవద్దు, బండి మాదే అన్నట్టు ప్రవర్తించొద్దు. 112కి ఫోన్ చేసి "తాగిన వ్యక్తి బండి నడపబోతున్నాడు, నంబరు ఇది" అని చెప్పి, పోలీసు వచ్చేదాకా ఆలస్యం చేశారనుకోండి, నాకు తెలిసి ఏ కోర్టూ దాన్ని నేరబుద్ధి అనదు. టోకెన్ వెనక, బోర్డు మీద "మద్యం సేవించిన వ్యక్తికి తాళం ఇవ్వబడదు, వేరే డ్రైవర్‌కే ఇస్తాం" అని తెలుగులో, ఇంగ్లిషులో ముందే అచ్చేస్తే అది ఒప్పందంలో షరతవుతుంది. అచ్చుకి ఖర్చెంత?

కౌంటర్_మనిషి

బయటికి గెంటేస్తే పీడ వదిలింది అనుకునే ఓనర్లు కూడా ఉన్నారు వకీల్ గారూ. బౌన్సర్ రోడ్డు మీద వదిలేసి షట్టర్ దించుతాడు.

డాలస్_తమ్ముడు

అదీ తప్పించుకునే దారి కాదన్నా. కెనడాలో జోర్డాన్ హౌస్ కేసు, 1970ల మొదట్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలవాటైన కస్టమర్‌ని తాగించి, గొడవ చేస్తున్నాడని రాత్రిపూట హైవే పక్కకి గెంటేశారు. నడుచుకుంటూ పోతుంటే కారు గుద్దింది. నష్టం మూడు వాటాలు చేశారు: ఒకటి హోటల్‌కి, ఒకటి డ్రైవర్‌కి, ఒకటి తాగినవాడికి.

ల్యాబ్_కోటు

గెంటే ముందు ఇంకో సంగతి. తూలడం, మాట తడబడటం, చెమట, చిరాకు, ఇవన్నీ షుగర్ పడిపోయినవాడికీ ఉంటాయి. తలకి దెబ్బ తగిలినవాడికీ, పక్షవాతం మొదలైనవాడికీ ఉంటాయి. ఒక్క పెగ్గుకే మనిషి ఇలా అయ్యాడంటే బిల్లు చూడండి, తాగినదానికీ వాలకానికీ పొంతన లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. నిద్రపోతున్నాడు కదా అని వెల్లకిలా సోఫాలో వదిలెయ్యొద్దు, వాంతి గొంతులో అడ్డం పడుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి ఒక మనిషిని దగ్గర ఉంచండి.

మెహదీపట్నం_రవి

సరే, ఇన్ని చదివాక నాకు అర్థమైంది ఇదీ: పోసినవాణ్ణి వ్యక్తిగతంగా ముద్దాయి చెయ్యడం అన్యాయం, లైసెన్సుదారుణ్ణి అసలేమీ అనకపోవడం ఇంకా అన్యాయం. కౌంటర్ అన్నా, ఒక మామూలు బార్, ఎనభై సీట్లు, రేపట్నించి ఏం చెయ్యగలదు?

కౌంటర్_మనిషి

ఖర్చు లేకుండా అయ్యేవే చెప్తా.

సిస్టంలో టేబుల్‌కి మనుషుల సంఖ్య కొట్టించు. నలుగురి టేబుల్‌లో పన్నెండో లార్జ్ బీఓటీ రాగానే చీటీ మీద గుర్తు పడేలా సాఫ్ట్‌వేర్ వాణ్ణి అడుగు, చాలా వాటిలో ఆ సెట్టింగ్ ఉంటుంది. గుర్తు పడిందంటే పొయ్యొద్దని కాదు, కెప్టెన్ వెళ్లి కళ్లతో చూడాలని.

"చాలు" చెప్పేది స్టీవార్డ్ కాదు, ఎప్పుడూ మేనేజరే. అదీ అందరిముందు కాదు. టేబుల్‌లో తక్కువ తాగిన మనిషి ఒకడుంటాడు, వాణ్ణి పక్కకి పిలిచి చెప్పాలి. ఆలోపు నీళ్లు, అన్నం, బిర్యానీ ఏదో ఒకటి పంపాలి, రౌండుకీ రౌండుకీ మధ్య ఆలస్యం చెయ్యాలి. ఎక్కువ శాతం అక్కడే సద్దుమణుగుతుంది. నిరాకరించిన టేబుల్ టిప్పు పోయిందని స్టీవార్డ్ ఏడవకుండా, ఆ రోజు అందరి టిప్పులూ కలిపే పూల్‌లో వాడి వాటా తగ్గించొద్దు. ఇది చెయ్యకపోతే పైన చెప్పినవేవీ నడవవు, రాసిస్తా.

లాస్ట్ ఆర్డర్‌కి వన్ ప్లస్ వన్ పెట్టడం మానెయ్. పది నిమిషాల్లో నాలుగు గ్లాసులు దించి లేస్తారు, ల్యాబ్ గారు చెప్పిన రకం వీళ్లే. గంట ముందే ఆఫర్ ఆపెయ్.

ఒక రిజిస్టరు. టైము, టేబుల్, బండి నంబరు, ఎవరు చూశారు, ఏం గమనించారు, ఏం చేశారు, ఎలా వెళ్లాడు. "తాగి ఉన్నాడు" అని రాయొద్దు, "కుర్చీ పట్టుకుని లేచాడు, కార్డు పిన్ రెండుసార్లు తప్పు కొట్టాడు" అని రాయాలి. గొడవ జరిగిన రాత్రి ఫుటేజ్‌ని తెల్లారేలోపు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి.

వాలే_సూపర్‌వైజర్

వదిలేసిన బండ్ల సంగతి కూడా రాయన్నా. పొద్దున 11 దాకా పార్కింగ్ ఫ్రీ అని చెప్పకపోతే ఎవడూ బండి వదిలి క్యాబెక్కడు. రాత్రంతా ఉంచితే 500 అడిగే చోట్లు ఉన్నాయి, ఆ 500 కోసమే నడిపేస్తారు.

బెజవాడ_వకీల్

ఆ రిజిస్టరు పేజీలకి వరుస నంబర్లు అచ్చేయించండి, రోజూ రాత్రి మేనేజర్ సంతకం, కొట్టివేతలు ఉంటే పక్కన పొట్టి సంతకం. విడి కాగితాలు ఫైల్లో పెట్టుకుంటే ప్రమాదం తర్వాత తయారు చేశారని అవతలి లాయరు మొదటి ప్రశ్నే వేస్తాడు.